యాభై మూడు కిలోమీటర్ల లెక్క



చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక కొండ కింద, దాదాపు 700 మీటర్ల లోతున, 2025 ఆగస్టు 26న జూనో న్యూట్రినో డిటెక్టర్ డేటా సేకరణ మొదలుపెట్టింది. అది తేల్చాల్సిన ప్రశ్న చిన్నదే. న్యూట్రినోలకు మూడు ద్రవ్యరాశులున్నాయి. మొదటి రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, వాటిలో రెండోదే బరువని సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు ఇదివరకే చెప్పాయి. మరి మూడోది ఆ జంటకన్నా బరువా, తేలికా?

యాంగ్‌జియాంగ్, తైషాన్ అణువిద్యుత్ కేంద్రాలు రెండింటికీ జూనో ఉన్న గుహ సుమారు 53 కిలోమీటర్ల దూరం. ఈ సమదూరం యాదృచ్ఛికం కాదు. రియాక్టర్ల నుంచి వచ్చే యాంటీన్యూట్రినోల శక్తి పటంలో, ఆ దూరాన, ఒక పెద్ద లోయ మీద సన్నని అలలు కనిపిస్తాయి. ద్రవ్యరాశుల క్రమాన్ని బట్టి ఆ అలలు రవ్వంత పక్కకు జరుగుతాయి. రియాక్టర్ల దూరాలు వేరువేరుగా ఉంటే ఒకదాని శిఖరం ఇంకొకదాని పల్లంలో పడి అంతా చదునైపోతుంది. అసలు అలలుంటాయన్న భరోసా కూడా 2012 మార్చిలోనే దక్కింది. న్యూట్రినో రకాలు ఎంతగా కలగలుస్తాయో చెప్పే కోణాల్లో మూడోది సున్నా కాదని అదే రాష్ట్రంలోని దయా బే ప్రయోగం అప్పుడు చూపించింది. సున్నా అయివుంటే ఈ గుహ తవ్వి లాభం లేకపోయేది.

ఇక లోపల జరిగేది చూడాలి. 35.4 మీటర్ల వ్యాసమున్న అక్రిలిక్ గోళంలో 20,000 టన్నుల ద్రవం ఉంది. యాంటీన్యూట్రినో ఒక ప్రోటాన్‌ను తాకితే పాజిట్రాన్, న్యూట్రాన్ పుడతాయి. పాజిట్రాన్ వెంటనే మెరుస్తుంది. న్యూట్రాన్ సుమారు 200 మైక్రోసెకన్లు తచ్చాడి, హైడ్రోజన్‌కు చిక్కి, రెండో మెరుపునిస్తుంది. ఈ జంట మెరుపే సంతకం. మొదటి మెరుపు శక్తిని ఒక ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) దగ్గర 3 శాతం తేడాతో కొలవగలగాలి, లేకపోతే అలలు అలికినట్టయిపోతాయి. ద్రవాన్ని తేటగా ఉంచడానికి పాట్లు పడ్డదీ ఈ 3 శాతం కోసమే.

గుహ తవ్వకం 2015లో మొదలైంది. ఊహించని భూగర్భజలం ఉబికి ఏళ్లకేళ్లు ఆలస్యం చేసింది. 2015లో పట్టా పుచ్చుకున్నవాళ్లకు తొలి డేటా కంటబడేసరికి పదేళ్లు నిండాయి. లోతుల్లో పడిగాపులు మన పక్కనా కొత్తకాదు: చిత్తూరు సరిహద్దుకు అవతలే ఉన్న కోలార్ బంగారు గనుల్లో 1965లోనే వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు దొరికాయి.

జూనో తొలి 59 రోజుల డేటాతోనే, సూర్యుడి న్యూట్రినోలకు సంబంధించిన రెండు రాశుల కొలతలు మునుపటికన్నా 1.6 రెట్లు నిశితమయ్యాయి. క్రమం గట్టిగా తేలడానికి మాత్రం సుమారు ఆరేళ్లు పడుతుందని అంచనా. ఈ ఏడాది పీహెచ్‌డీలో చేరేవాళ్లు థీసిస్ సమర్పించేనాటికి ఆ జవాబు రావచ్చు, రాకపోనూవచ్చు.