గ్రామ కార్యాలయములో ఉమ్మడి దస్త్రములు, ఉమ్మడి ప్రింటరు

(నర్సీపట్నంలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చిన్నది. ఒక గ్రామ కార్యాలయములో నాలుగు కంప్యూటర్లు ఉన్నచో వాని మధ్య కాగితములను ఎట్లు పంచుకొనవలెను, ఒకే ప్రింటరును అందరును ఎట్లు వాడుకొనవలెను అనునదే ఆ విషయము. మంచినీరు, రోడ్లు, వీధిదీపములు ఇన్ని సమస్యలుండగా ఈ తీగల గొడవ మనకెందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. అట్లనుకొనుట సహజమే. కాని రోడ్డుకు అంచనా, కొళాయికి దరఖాస్తు, దీపమునకు తీర్మానము, ఇవన్నియు నేడు కంప్యూటరులో పుట్టి ప్రింటరు నుండి బయటికి వచ్చుచున్నవి. కాగితము దొరకనిచో పని ఆగును. తప్పు కాగితము దొరకినచో పని చెడును.

పెద్దలకు జ్ఞాపకముండును. 1984లో కరణము, మునసబు పదవులు రద్దగువరకు గ్రామపు దస్త్రము గుడ్డలో చుట్టి కరణముగారి ఇంట ఉండెడిది. అడంగలులో తన పేరున్నదో లేదో తెలిసికొనగోరిన రైతు ఆ ఇంటి అరుగు మీద కూర్చుండవలసి వచ్చెడిది. మంచి కరణములు లేకపోలేదు. గ్రామపు లెక్కలను ప్రాణప్రదముగా కాపాడిన వారు అనేకులు కలరు. అయినను దస్త్రము ఒక ఇంట ఉన్నంతకాలము గ్రామమంతయు ఆ ఇంటివారి మంచితనము మీద ఆధారపడవలసి యుండెను. ఆ పదవులు పోయి నలుబది ఏండ్లు దాటినవి. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైన పిమ్మట పల్లెలలో కూడ కంప్యూటర్లు, ప్రింటర్లు వచ్చినవి. కాని పలుచోట్ల గ్రామపు దస్త్రము మరల ఒకే పెట్టెలో, ఒకరికి మాత్రమే తెలిసిన పాస్‌వర్డు వెనుక చేరినది. ఆ ఒకరు సెలవులో ఉన్ననాడు అరుగు మీద ఎంతసేపు కూర్చున్నను ప్రయోజనము లేదు.

మా పర్యటనలలో చూచిన ఒక గ్రామము సంగతి చెప్పెదము. ఊరి పేరు అనవసరము. అక్కడ ఇంటిపన్ను జాబితా ఒక కంప్యూటరులో తయారైనది. ప్రింటరు వేరొక కంప్యూటరుకు తగిలించి యుండుటచేత జాబితాకు నకలు తీసి పెన్‌డ్రైవులో అక్కడికి చేర్చినారు. తరువాత వచ్చిన చెల్లింపులు మొదటి జాబితాలో నమోదైనవి. బకాయి నోటీసులు మాత్రము రెండవ నకలు నుండి అచ్చయినవి. పన్ను చెల్లించిన ఒక వృద్ధురాలికి కూడ నోటీసు అందినది. ఆమె రసీదు కొంగున కట్టుకొని రెండు దినములు కార్యాలయము చుట్టు తిరిగినది. రసీదున్నది కనుక మాట నెగ్గినది. రసీదు పోగొట్టుకొన్నవారి గతి యేమి? అక్కడ ఎవరును కావలెనని తప్పు చేయలేదు. ఒకే జాబితా రెండుచోట్ల బ్రతుకుచున్నది, అంతే.

దీనికి విరుగుడు, జాబితాను ఒకేచోట ఉంచి అందరును అక్కడికే వచ్చి చూచునట్లు చేయుట. ఆ ఒకేచోటునే సర్వరు అందురు. పేరు గంభీరముగా నున్నను వస్తువు సామాన్యము. పాతబడి ప్రక్కన పెట్టిన కంప్యూటరు ఒకటి, మంచి స్థితిలోనున్న డిస్కు ఒకటి, ఎనిమిది తీగలు తగులు స్విచ్చి ఒకటి ఉన్నచో గ్రామ కార్యాలయమునకు చాలును. స్విచ్చి నుండి కంప్యూటరుకు పోవు తీగ నూరు మీటర్లకు మించరాదు. మన కార్యాలయములలో ఇరువది మీటర్లు దాటుటయే అరుదు.

ఇచ్చట ఒక అపోహ తొలగించవలెను. ఈ ఏర్పాటునకు ఇంటర్నెట్టు అక్కరలేదు. ఇది గోడల మధ్య నడచు నెట్‌వర్కు. చింతపల్లి ఘాట్ దారిలో కేబులు తెగినను, సెల్లు టవరు పలుకకపోయినను, ప్రక్క గదిలోని జాబితా ప్రక్క గదికి అందును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటిన తరువాత విద్యుత్తు, టెలిఫోను లేక ఈ ప్రాంతము పడిన ఇబ్బంది మీరెరుగుదురు. అట్టి సమయమున ఏ ఇంట ఎందరున్నారో, ఎవరి ఇల్లు పూరిల్లో తెలుపు జాబితా దూరపు నగరములోని యంత్రములో నున్న లాభము లేదు. జనరేటరు పెట్టి ఒక గంట నడిపినచో అచ్చువేయగల చోట నుండవలెను. ప్రభుత్వ పోర్టళ్లలో చేయవలసిన పని అక్కడనే చేయవలెను. ఈ సర్వరు దానికి బదులు కాదు. గ్రామసభ నడవడికలు, అంచనాలు, ఉత్తర ప్రత్యుత్తరములు, పనుల ఛాయాచిత్రములు, ఇట్టి సొంత కాగితములకు ఇది బీరువా. తీర్మానముల పుస్తకములో సంతకములు యథాప్రకారము ఉండవలసినదే.

సర్వరులో నడచు సాధనము పేరు సాంబా. మన సాంబమూర్తికిని దీనికిని సంబంధము లేదు. ఆస్ట్రేలియా దేశపు కాన్‌బెర్రా నగరములో ఆండ్రూ ట్రిడ్జెల్ అను పరిశోధక విద్యార్థి 1991 చివర దీనికి అంకురార్పణ చేసెను. ఒక జాతి కంప్యూటరులోని ఫైళ్లు మరొక జాతి కంప్యూటరుకు అందకుండెడివి. వారి సంభాషణకు నియమములు తెలుపు పత్రములు ఆయన వద్ద లేవు. తీగ మీద పోవు సందేశములను ఓపికతో గమనించి, ఎవరేమి అడుగుచున్నారో, ఎవరేమి బదులిచ్చుచున్నారో గ్రహించి, ఆయన తన సాధనమును వ్రాసెను. ఆ సంభాషణకు ఎస్‌ఎంబి యని పేరు. ఆ మూడక్షరములు అదే వరుసలో వచ్చు మాటకొరకు నిఘంటువు వెదకగా సాంబా అను మాట దొరకినదట. నాటి నుండి అనేక దేశములవారు దానిని మెరుగుపరచుచు వచ్చినారు. లినక్సుతో పాటు ఇదియు ఉచితముగా లభించును. కొని తెచ్చుకొనవలసిన అనుమతి పత్రము లేదు.

ఇక అమరికలోనికి వత్తము. మొదట సర్వరుకు మారని చిరునామా ఇవ్వవలెను. నెట్‌వర్కులో ప్రతి యంత్రమునకు 192.168.1.10 వంటి అంకెల చిరునామా ఉండును. రౌటరు వీనిని తనంత తాను పంచిపెట్టుచు, నేడొకటి రేపొకటి ఇచ్చుట కలదు. పోస్టాఫీసు వారమునకొక ఇల్లు మారినచో ఉత్తరములు ఏమగును? నిన్న దొరకిన ఫోల్డరు నేడు దొరకలేదను ఫిర్యాదులలో పెక్కింటికి మూలమిదియే.

సాంబా ఏర్పాటులన్నియు సామాన్యాక్షరములతో వ్రాసిన ఒకే ఫైలులో నుండును. పై భాగమున సర్వరుకంతకు వర్తించు నియమములు, క్రింద ఒక్కొక్క ఉమ్మడి ఫోల్డరుకు ఒక్కొక్క భాగము. ఆ ఫోల్డరు డిస్కులో ఎక్కడ నున్నది, ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును, పేరు చెప్పని అతిథిని రానీయవచ్చునా అనునవి ఆ భాగములో చెప్పవలెను. చివరి ప్రశ్నకు జవాబు ఎల్లప్పుడును కూడదనియే. ఫైలు మార్చిన ప్రతిసారి టెస్ట్‌పార్మ్ అను ఆజ్ఞతో సరిచూచినచో వ్రాతలోని తప్పులు బయటపడును.

పని చేయువారు ఎక్కువగా చిక్కుపడునది మరియొకచోట. సాంబాలో అనుమతి ఇచ్చినంత మాత్రమున ఫైలు తెరచుకొనదు. లినక్సు సొంతముగా ప్రతి ఫోల్డరుకు యజమానిని, సమూహమును గుర్తించి యుంచును. వీధి తలుపు సాంబాది, గది తలుపు లినక్సుది. రెండును తెరచి యుండవలెను. అట్లే సాంబా పాస్‌వర్డు వేరు, లినక్సు పాస్‌వర్డు వేరు. రెండవది ఉన్నది కదాయని మొదటిది పెట్టుట మరచినచో లోపలికి పోనీయదు. ఈ సంగతి తెలియక పూర్తిదినము వ్యర్థము చేసికొని, తుదకు విసుగుతో అన్ని తలుపులు బార్లా తెరచి పోవువారు కలరు. అది పరిష్కారము కాదు. అట్లు చేసి పోయిన వానికి మీరు పని పూర్తియైనదని సంతకము చేయవలదు.

ఎవరికి ఏ ఫోల్డరు అనునది నిర్ణయించుట యంత్ర నిపుణుని పని కాదు, మీ పని. గ్రామసభ ఫోల్డరులో కార్యదర్శి వ్రాయవచ్చును, సిబ్బంది అందరును చదువవచ్చును. అంచనాలలో ఇంజనీరింగు అసిస్టెంటు, సర్వే పటములలో సర్వేయరు వ్రాయుదురు. పన్నుల జాబితాలో వ్రాయు చేయి ఒక్కటే యుండవలెను. పింఛనుదార్ల వివరములు, బ్యాంకు ఖాతాలు, వైద్య సంగతులు గల ఫోల్డరు సంబంధిత ఉద్యోగికి తప్ప కనబడరాదు. ఆధార్ నకళ్లను ఊరకే పోగుచేసి యుంచుట మంచిది కాదు. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసియున్నది. ఒకరు తెరచి మార్చుచున్న జాబితాను అదే సమయమున మరొకరు తెరచినచో, సాధారణముగా వారికి చదువుటకు మాత్రమే వచ్చును. దీనిని యంత్రపు లోపమనుకొని నకలు తీసికొనువారున్నారు. ఆ నకలుతోనే వృద్ధురాలి నోటీసు కథ మరల మొదలగును.

ఎవరు ఏ ఫైలును మార్చిరో, తుడిచివేసిరో వ్రాసియుంచు సదుపాయము సాంబాలో కలదు. తుడిచివేసిన ఫైలును కొంతకాలము చెత్తబుట్టలో నిలుపు సదుపాయము కూడ కలదు. రెంటిని అడిగి పెట్టించుకొనుడు. ఈ ప్రాంతమువారికి ఇది క్రొత్త కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాలోని తుపాకులు పట్టుకొనిపోవుచు, ఏమేమి తీసికొనెనో ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెనని చెప్పుదురు. పితూరీదారే లెక్క వ్రాసి పోయినచోట కార్యాలయపు ఉద్యోగి వ్రాయుటకు సంకోచమెందుకు?

ప్రింటరు సంగతి. దీనిని ఒకరి కంప్యూటరుకు కాక సర్వరుకే తగిలించవలెను. కప్స్ అను సాధనము వచ్చిన పనులను వరుసలో నిలిపి ఒకదాని వెనుక ఒకటి అచ్చునకు పంపును. కాగితమైపోయినను వరుస పోదు, కాగితము పెట్టగానే సాగును. ఏర్పరచుకొన్నచో ఎవరు ఎన్ని పుటలు అచ్చువేసిరో లెక్కయు వ్రాయును. సిరా ఖర్చు మీద చర్చ వచ్చినపుడు ఈ లెక్క చాల శాంతిని కలిగించును. 2021లో విండోసు ముద్రణ విభాగములో ఒక పెద్ద లోపము బయటపడిన పిమ్మట, సర్వరు నుండి ప్రింటరు డ్రైవరు తెచ్చుకొనుటకు ఆ కంప్యూటరు నిర్వాహకుని అనుమతి కావలసి వచ్చుచున్నది. కావున మొదటిసారి ప్రతి కంప్యూటరు వద్దకును నిపుణుడు పోవలెను.

తెలుగునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పాత పద్ధతి ఖతులతో టైపుచేసిన తీర్మానము ఆ ఖతి లేని కంప్యూటరులో తెరచినచో పిచ్చిగీతలుగా కనబడును. సర్వరు దోషమని దానిని తిట్టుదురు. యూనికోడులో తెలుగు 1991 నుండి ఉన్నది. మండలి, రామభద్ర, ధూర్జటి మున్నగు ఖతులు ఉచితముగా దొరకుచున్నవి. క్రొత్త కాగితములన్నియు యూనికోడులోనే యుండవలెనని తీర్మానము చేసినచో ఈ బాధ తప్పును. ఫైలులో మాట వెదకినను దొరకును. పాతవానిని మార్చుట మాత్రము శ్రమతో కూడిన పని. తరచు కావలసిన వానితో మొదలిడవచ్చును.

భద్రత గురించి ఒక హెచ్చరిక. 2017 మే నెలలో వాన్నక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళములు వేసి డబ్బు అడిగినది. మన రాష్ట్రములో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు కూడ దాని వాత పడినవి. అది ప్రవేశించిన దారి విండోసులోని పాతకాలపు ఎస్‌ఎంబి తలుపు. దానికి మరమ్మతు మార్చిలోనే విడుదలయినది. వేసికొననివారు నష్టపడిరి. 2019 నుండి సాంబా ఆ పాత పద్ధతిని తనంత తానుగా మూసియుంచుచున్నది. పాత కంప్యూటరు ఒకటి కలియుట లేదని ఎవరైనను దానిని మరల తెరువ జూచినచో ఒప్పుకొనరాదు. ఈ సర్వరు తలుపును ఇంటర్నెట్టు వైపు ఎన్నడును తెరువరాదు. మరమ్మతులు నెలకొకసారియైనను వేయించవలెను.

పిడుగులు, కరెంటు కోతలు ఈ కొండప్రక్క గ్రామములకు నిత్యానుభవము. మంచి ఎర్తింగు, ఒక యూపీయస్ తప్పనిసరి. యూపీయస్ రాత్రంతయు నడుపుటకు కాదు, సర్వరును మర్యాదగా ఆపుటకు కావలసిన కొన్ని నిమిషములకు. ఇక నకళ్లు. మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒకటి వేరొక భవనములో అను నియమమును నిపుణులు చెప్పుదురు. వారమునకొకసారి విడి డిస్కుకు నకలు తీసి, డిస్కును విడదీసి, పాఠశాలలోనో మరొక ప్రభుత్వ భవనములోనో తాళము వేసి యుంచినచో చాలును. తగిలించియే యుంచిన డిస్కు నకలు కాదు. పిడుగు పడినను, దుష్ట ప్రోగ్రాము వచ్చినను అదియు సర్వరుతోనే పోవును. మూడు నెలలకొకసారి ఆ డిస్కు నుండి ఏదో ఒక ఫైలును తిరిగి తెప్పించి చూడుడు. ఇది ఎవరును చేయరు. మీరు అడిగిననే జరుగును.

సర్వరు ప్రధాన పాస్‌వర్డును కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, పంచాయతీ ఇనుప పెట్టెలో నుంచవలెను. ఉద్యోగి బదిలీయైన దినముననే అతని ప్రవేశమును నిలిపివేసి, పాస్‌వర్డు మార్చి, క్రొత్త కవరు పెట్టవలెను. కవరు తెరచినపుడు ఎవరు, ఎందుకు, ఏ తేదీన తెరచిరో పుస్తకములో వ్రాయవలెను.

ప్రక్క గదిలో రెండు కంప్యూటర్లు, ఒక సర్వరు, ఒక ప్రింటరు అమర్చి యుంచినాము. ఇంటర్నెట్టు తీగను ఊడదీసి చూపెదము. ఒకరి జాబితాను మరొకరు తెరచి, అచ్చువేసి, తుడిచి, మరల తెప్పించి చూడవచ్చును. ఫోల్డర్ల పట్టిక నమూనా మీ చేతికిచ్చిన కాగితము వెనుక ఖాళీగా నున్నది. మీ గ్రామమున ఎవరు చదువవలెనో, ఎవరు వ్రాయవలెనో పెన్సిలుతో నింపి, కార్యదర్శిగారితో కలిసి ప్రక్క గదికి దయచేయుడు.