పూనకం, పుట్టగొడుగు, మనోవైద్యం

మర్కూక్‌లో కొండపోచమ్మ సాగర్ జలాశయం అందరికీ తెలుసు. దానికి పేరిచ్చిన పోచమ్మకు మన ఊళ్లలో బోనమెత్తుతారు, డప్పు మోగుతుంది, శివసత్తులు పూనకంలో ఊగుతారు. మనసులోని బరువు పదిమంది మధ్య దించుకునే పద్ధతి అది. దానికి మత్తుమందు అక్కర్లేదు. కల్లు సాక సంగతి వేరనుకోండి!

మెక్సికోలో మజటెక్ తెగవారు వైద్యం కోసం జరిపే రాత్రిపూజలో ఒకరకం పుట్టగొడుగులు వాడేవారు. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకరు మరియా సబీనా అనే వైద్యురాలి దగ్గర ఆ రాత్రిపూజలో కూర్చున్నాడు. 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఇక విదేశీయులు ఎగబడ్డారు. ఊరివాళ్లు ఆమె మీదే కోపగించారు, ఆమె ఇల్లు కాలిపోయింది. పేరు వాసన్‌కు, నష్టం ఆమెకు.

ఆ పుట్టగొడుగులోని సైలోసైబిన్‌ను 1958లో రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ వేరుచేశాడు. వేరే మందులకు లొంగని డిప్రెషన్‌కు దాన్ని రాసే అధికారం ఆస్ట్రేలియా 2023 జులైలో కొందరు సైకియాట్రిస్టులకు ఇచ్చింది. ముందు మాటలు, మందిచ్చిన రోజు గంటల తరబడి పక్కనే కాపలా, తర్వాత మళ్లీ మాటలు: చికిత్సలో సగం ఇదే. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఈ మందు ప్రమాదం.

తెగల సంప్రదాయాన్నీ ఈ చికిత్సనూ కలిపామంటూ విదేశాల్లో శిబిరాలు వెలిశాయి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సైలోసైబిన్ నిషిద్ధం. ఎవరైనా అలాంటి శిబిరమని పిలిస్తే వెళ్లకండి. చెట్టుమందే కదా అని ఉమ్మెత్త జోలికి అసలే పోవద్దు, ప్రాణాలు తీస్తుంది. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.