దుఃఖాన్ని ఎదుర్కోవడానికి తత్త్వశాస్త్రం ఇచ్చే బలం: అన్నవరం స్నాతకోత్సవ ప్రసంగం

భారతీయ దర్శనాల్లో చాలావాటికి దుఃఖమే తొలి ప్రశ్న. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక మొదటి శ్లోకంలోనే మూడు రకాల దుఃఖం ప్రస్తావనకు వస్తుంది. బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాల్లో మొదటిది దుఃఖం. భగవద్గీత తొలి అధ్యాయం పేరు అర్జున విషాదయోగం. అన్నవరం రత్నగిరి మీద భక్తులు వినే సత్యనారాయణ వ్రతకథ కూడా, భూలోకంలో మనుషుల అవస్థలు చూసిన నారదుడు వాటికి ఉపాయం అడగడంతో మొదలవుతుంది. చదువు ముగించుకుని ఉద్యోగాల వేటలో కొత్త ఊళ్లకు వెళ్లే పట్టభద్రులకు ఈ ఆలోచనల అవసరం త్వరలోనే పడుతుంది.

తత్త్వశాస్త్రం చేసే మొదటి మేలు, దుఃఖాన్ని విడదీసి చూడడం నేర్పడం. సాంఖ్యుల లెక్కలో సొంత శరీరం, మనసుల వల్ల కలిగేది ఆధ్యాత్మికం. ఇతర ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం. మనిషికి అందని శక్తుల వల్ల కలిగేది ఆధిదైవికం. పోటీ పరీక్ష తప్పినవారిని పట్టి పీడించే చిన్నతనం మొదటి రకం. కట్నం వేధింపులు, కులవివక్ష రెండో రకం. 1996 నవంబరులో కోనసీమను కుదిపేసిన తుఫాను మూడో రకం. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మొదటిదానికి మనసును సరిదిద్దుకోవాలి, రెండోదాన్ని ఎదిరించాలి, మూడోదాన్ని ఓర్చుకుని ఒకరికొకరు ఆసరాగా నిలవాలి.

రెండో మేలు, చేతిలో ఉన్నదేదో లేనిదేదో తేల్చిచెప్పడం. బానిసగా పుట్టి రోమన్ సామ్రాజ్యంలో గురువుగా ఎదిగిన ఎపిక్టెటస్ బోధకు ఇదే పునాది. గీతలోని కర్మయోగం కూడా పనిమీద శ్రద్ధ పెట్టి, ఫలితంమీద పట్టు సడలించమంటుంది. పరీక్షకు సిద్ధం కావడం అభ్యర్థి చేతిలో ఉంది. ఖాళీల సంఖ్య లేదు. ఈ తేడా తెలిసినవారు ఓడిపోయినా తమను తాము నిందించుకుంటూ కుంగిపోరు.

మూడో మేలు, కారణాన్ని వెతికించడం. బౌద్ధం దుఃఖానికి మూలం తృష్ణలో ఉందంటుంది. అన్నవరం ఉన్న కాకినాడ జిల్లాలోనే కొడవలి, కోనసీమలో ఆదుర్రు, ఏలూరు జిల్లాలో గుంటుపల్లి బౌద్ధ స్థలాలు ఆ బోధ ఈ నేలమీద వేళ్లూనిందనడానికి సాక్ష్యాలు. అష్టాంగ మార్గంలో ధ్యానంతోపాటు మంచి మాట, న్యాయమైన జీవనోపాధి కూడా ఉన్నాయి; మనశ్శాంతి నడవడిక నుంచి వేరు కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఇతరులతో పోల్చుకునే అలవాటు మనిషిని ఎంతగా గాయపరుస్తుందో జీవితాంతం చెబుతూ వచ్చారు. తోటివారి జీతాలతో తమ బతుకును తూచుకునే వయసులో ఈ హెచ్చరిక చాలా విలువైనది.

వ్రతకథలోని వర్తకుడు మాట తప్పి కష్టాలు కొనితెచ్చుకుంటాడు. పడవలో ఏముందని అడిగితే అబద్ధమాడి సరుకు పోగొట్టుకుంటాడు. సత్యానికీ నిబ్బరానికీ ఉన్న బంధాన్ని ఆ కథ చూపుతుంది. అయితే బాధపడే ప్రతివారూ తప్పు చేసినవారేనని దాన్ని బట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

తత్త్వచింతనకు రెండు హద్దులున్నాయి. మొదటిది, అన్యాయాన్ని సహించమని చెప్పడానికి దాన్ని వాడకూడదు. మనిషిపట్ల మనిషి చేసే అన్యాయంలోనూ దుఃఖానికి మూలం ఉందని 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో అంబేద్కర్ స్పష్టం చేశారు. రెండోది, నిద్ర, ఆకలి, బతకాలన్న ఆశ పోగొట్టే కుంగుబాటు ఒక వ్యాధి. దానికి వైద్యం కావాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. సాయం అడగడం బలహీనత కాదు, వివేకం.

దుఃఖం లేని జీవితాన్ని ఏ దర్శనమూ ఉచితంగా చేతిలో పెట్టదు. బాధను గుర్తుపట్టడం, కారణం తెలుసుకోవడం, చేయగలిగింది చేయడం, చేయలేనిదాన్ని ఓర్చుకోవడం, పక్కవారి బాధలో పాలుపంచుకోవడం: ఈ ఐదూ సాధనతో అబ్బుతాయి. పట్టా పొందినవారు జీవితమంతా కొనసాగించాల్సిన చదువు ఇదే.