కర్మాగారం నుండి ఆచార్య పీఠానికి


పరిశ్రమలో ఉద్యోగం చేపట్టినవాడు శాస్త్రానికి దూరమైనట్లేనని పెద్దలు కొందరు భావిస్తారు. అమెరికా రసాయన శాస్త్రాచార్యుడు పాల్ ఫ్లోరీ జీవితం ఆ భావనకు సమాధానం.

1910లో జన్మించిన ఫ్లోరీ చదివిన మాంచెస్టర్ కళాశాల చిన్నది. అచటి గురువు కార్ల్ హోల్ ఆయనలో శాస్త్రాసక్తిని రగిల్చి పై చదువులకు పంపారు. నోబెల్ బహుమతి సందర్భంగా రాసిన స్వీయ పరిచయంలోనూ ఫ్లోరీ ఆ గురువును స్మరించారు.

1934లో ఆయన డ్యూపాంట్ సంస్థలో, నైలాన్ సృష్టికర్త కారొథర్స్ బృందంలో చేరారు. గొలుసు వంటి అణువు పొడవు పెరిగేకొద్దీ దాని కొసలు మందకొడిగా చర్య జరుపుతాయని నాటి రసాయనవేత్తలు తలచేవారు. పొడవుతో నిమిత్తం లేదని ఫ్లోరీ వాదించి, ప్రయోగాలతో నిరూపించారు. దండ మూరెడైనా బారెడైనా కొసన మరొక పువ్వు కట్టే శ్రమ ఒక్కటే కదా! ఈ ఒక్క సత్యంతో, ఏ పొడవు గొలుసులు ఎన్ని ఏర్పడతాయో ముందుగానే గణించడం సాధ్యమైంది.

కారొథర్స్ మరణానంతరం రెండేళ్లు సిన్సినాటి విశ్వవిద్యాలయంలో గడిపి, యుద్ధకాలంలో తిరిగి పరిశ్రమకు వెళ్లారు. గుడ్‌ఇయర్ సంస్థలో మూల పరిశోధనకు నాయకత్వం వహించారు.

1948లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉపన్యాసాలకు ఆహ్వానించింది. ఆ యేడే అక్కడ ఆచార్యులైనారు. కర్మాగారంలో పుట్టిన ప్రశ్నలు ఇక తరగతి గదిలో పాఠాలైనవి. ఆ ఉపన్యాసాలే పెరిగి 1953లో పాలిమర్ రసాయన శాస్త్ర మూలసూత్రాలను బోధించే బృహద్గ్రంథమైనవి. 1974లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే లభించింది. విద్యార్థులు నేటికీ ఆ గ్రంథాన్ని తెరుస్తూనే ఉన్నారు.