కారులో దారి చెప్పే పెట్టె – కొనేముందు



కుక్కరు కొనాలన్నా, కుట్టుమిషను కొనాలన్నా మనం నాలుగు కొట్లు తిరిగి, నలుగురిని అడిగి మరీ కొంటాం. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూస్తాం. అదేమిటో గాని, కారుకు సంబంధించిన వస్తువు అనేసరికి, “అది మగవాళ్ళ వ్యవహారం, వాళ్ళే చూసుకుంటారు” అని పక్కకు తప్పుకుంటాం. కాని ఆ కారులో ముందు సీటులో కూర్చుని “కుడికి తిరగమంటోందండీ, అయ్యో, దాటిపోయాం” అని చెప్పవలసింది మనమే కదా! పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవడానికీ, ఉద్యోగానికీ స్వయంగా కారు నడుపుకు వెళ్ళే స్త్రీలు ఈనాడు ఎందరో ఉన్నారు. చీకటిపడ్డాక తెలియని ఊళ్ళో దారి తప్పితే ఆ ఇబ్బంది ఎక్కువగా తగిలేదీ మనకే. అందుచేత దారి చూపే జి.పి.యస్. పరికరాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ వేళ ముచ్చటించుకుందాం.

ముందుగా ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే, కొట్టువాడు చెప్పే మాటల్లో ఏది సరుకో ఏది తాలో మనకే తెలుస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ప్రభుత్వం వారి ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. వాటిలో మొదటిదాన్ని 1978లో పంపారు. 1995 నాటికి ఏర్పాటు పూర్తయింది. ఒక్కొక్క ఉపగ్రహంలో ఎంతో కచ్చితమైన గడియారం ఉంటుంది. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు వేళ ఇంత” అని అది ఎప్పుడూ రేడియోలో చెబుతూ ఉంటుంది. ఆ మాట మన దగ్గరికి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో మన పెట్టె లెక్క కడుతుంది. అలా కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వింటే, మనం ఎక్కడున్నామో తేలుతుంది. ఆరుబయట ఇది అయిదారు మీటర్ల తేడాతో చెప్పగలదు. దీనికి ఎవరికీ నెలనెలా అద్దె కట్టనక్కరలేదు. మీరు రేడియోలో ఈ ప్రసంగం విన్నట్టే, మీ పెట్టె ఆకాశం నుంచి వచ్చే మాటలు వింటుంది, అంతే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం. “పైనుంచి ఎవరో మనల్ని చూస్తుంటారా?” అని. దారి చూపే పెట్టె వినడమే గాని, ఉపగ్రహానికి తిరిగి ఏమీ చెప్పదు. అయితే బజారులో “జి.పి.యస్.” అన్న ఒకే పేరుతో రెండు వేరు వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి మనకు దారి చెప్పేది. రెండోది ట్రాకర్. అందులో సిమ్ కార్డు వేసి కారులో ఎక్కడో కనపడకుండా బిగిస్తారు. కారు ఎక్కడుందో అది ఇంకొకరి ఫోనుకు చెబుతుంది. దొంగతనం జరిగితే పనికొస్తుంది గాని, మనకు దారి చూపదు. కాబట్టి కొట్లో అడుగు పెట్టగానే “మాకు దారి చెప్పేది కావాలి, ట్రాకర్ కాదు” అని స్పష్టంగా చెప్పండి.

ఇక రకాల సంగతి. ఇప్పుడు మనకు మూడు దారులున్నాయి. ఒకటి, చేతిలో ఉన్న సెల్‌ఫోను. రెండు, కారు డాష్‌బోర్డులో కంపెనీ వారే అమర్చిన తెర. మూడు, విడిగా కొని ముందు అద్దానికి అంటించుకునే పెట్టె.

సెల్‌ఫోను ఎలాగూ మన దగ్గర ఉన్నదే. ఖర్చు లేదు. ఏ రోడ్డు మీద బళ్ళు ఆగిపోయాయో అప్పటికప్పుడు చెబుతుంది. తెలుగులో కూడా దారి చెబుతుంది. అందుచేత ఊళ్ళో తిరుగుళ్ళకు అదే మేలు. ఉన్న ఊరు దాటని వాళ్ళు విడిగా పెట్టె కొనడం డబ్బు దండగ. కాని ఫోనుకు కొన్ని లోపాలున్నాయి. సరిగ్గా మలుపు దగ్గర ఆడపడుచు ఫోను చేస్తుంది. ఎండలో వేడెక్కి నీరసించిపోతుంది. ఛార్జింగు గబగబా తగ్గుతుంది. సిగ్నలు లేని చోట పటం తెల్లకాగితంలా కనిపిస్తుంది. ఈ చివరి లోపానికి మందు ఉంది. బయలుదేరే ముందు రోజు ఇంట్లోనే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దింపుకుని ఉంచుకుంటే, సిగ్నలు లేకపోయినా దారి చెబుతుంది.

విడిగా దొరికే పెట్టెలో పటం లోపలే ఉంటుంది. ఫోను సిగ్నలుతో పని లేదు. నల్లమల వంటి అడవి దారుల్లో, కనుమల్లో ఇది అక్కరకొస్తుంది. తెర పెద్దది. దాని పని అది చేసుకుపోతుంది, ఫోను మన సంచిలో ఉంటుంది. కాని రోడ్డు మీద రద్దీ ఎంత ఉందో దానంతట దానికి తెలియదు. డాష్‌బోర్డులోని తెర చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే అందులో పటం నిజంగా ఉందో, లేక ఫోను తగిలిస్తేనే పటం కనిపిస్తుందో అడిగి తెలుసుకోవాలి. కొత్త కారు కొనేటప్పుడు “నావిగేషన్ ఉందండీ” అన్న ఒక్క మాటకు మురిసిపోకూడదు.

విడి పెట్టె కొనదలచుకున్న వారు గమనించవలసిన సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది తెర. అయిదు నుంచి ఏడు అంగుళాల తెరలు దొరుకుతాయి. చత్వారం వచ్చిన వారికి పెద్దదే నయం. కాని చిన్న కారులో పెద్ద తెర పెడితే రోడ్డే కనపడదు. కొట్లో దీపాల వెలుగులో అన్నీ బాగానే కనిపిస్తాయి. పెట్టెను గుమ్మం బయటికి తీసుకువచ్చి ఎండలో చూడండి. అక్షరాలు కనిపిస్తే సరే. బయటికి తేవడంలో ఇంకొక లాభం ఉంది. ఉపగ్రహాల మాట కొట్లో కప్పు కింద సరిగా వినపడదు. ఆరుబయట ఎంతసేపట్లో చోటు గుర్తుపడుతుందో అక్కడే తేలిపోతుంది. కొత్త పెట్టె మొదటిసారి కొద్ది నిమిషాలు తీసుకుంటే కంగారు పడకండి.

రెండోది గొంతు. అద్దాలు దింపి, లారీ హారను మోగుతూంటే కూడా వినపడాలి. రోడ్డు పేరు పలికి చెప్పేదయితే మరీ మంచిది. మన ఊళ్ళ పేర్లను ఆ గొంతు ఎలా పలుకుతుందో కూడా వినండి. నవ్వుకున్నా ఫరవాలేదు గాని, అర్థం కావాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమయినది, పటం. పెట్టె ఎంత ఖరీదయినదయినా అందులోని పటం పాతదయితే పాత పంచాంగం చూసి పండుగ చేసుకున్నట్టే. హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవరు 2020 అక్టోబరులో తెరిచారు. అంతకు ముందటి పటం ఉన్న పెట్టెకు ఈ రెండూ తెలియవు. మీరు వంతెన మీద పోతూంటే అది మీరు నీళ్ళలో పోతున్నారనుకుంటుంది. కాబట్టి కొట్లోనే ఈ పేర్లు వెతికించండి. మీ పుట్టింటి ఊరు, అత్తవారి ఊరు కూడా వెతికించండి. పటాన్ని ఏడాదికి ఎన్నిసార్లు కొత్తది చేస్తారు, అది ఉచితమా, ఎన్నేళ్ళు ఉచితం అన్నవి అడిగి, బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట నమ్మవద్దు.

నాలుగోది, విదేశాల నుంచి వచ్చే బహుమతులు. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో అక్కడ వాడిన పెట్టెను ప్రేమగా తెచ్చి ఇస్తారు. అక్కడ కొన్నవాటిలో సాధారణంగా ఆ ఖండపు పటమే ఉంటుంది. మన దేశపు పటం విడిగా కొనుక్కోవాలి. దానికి పెట్టె ఒప్పుకుంటుందా, లోపల చోటు చాలుతుందా అని వాళ్ళనే ముందుగా కనుక్కోమనండి. దూరం మైళ్ళలో చెబుతుంటే కిలోమీటర్లకు మార్చుకోవాలి. అలాగే చవకగా వచ్చిందని మరీ పాత పెట్టె కొనవద్దు. జి.పి.యస్. వారి వారాల లెక్క 1,023 దాకా పోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా మారినప్పుడు, సరిచేయించని పాత పెట్టెలు కొన్ని తేదీ, వేళ తప్పు చూపించాయి.

పెట్టె కొన్నాక వాడుక సంగతి. మొదట చేయవలసింది అమరికలు చూడడం. “దగ్గర దారి”, “త్వరగా చేరే దారి” అని రెండుంటాయి. దగ్గర దారి అనేసరికి మనకు ఆశ పుడుతుంది. కాని అది రెండు కిలోమీటర్లు తగ్గించడానికి బర్రెలు కట్టేసిన సందుల్లోకీ, చేలగట్ల మీదికీ తీసుకుపోతుంది. త్వరగా చేరే దారే పెట్టుకోండి. మట్టిరోడ్లు వద్దు అని కూడా చెప్పి ఉంచండి.

పేరు కొట్టేటప్పుడు జాగ్రత్త. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు వైపు ఒక రామచంద్రాపురం ఉంది. గోదావరి జిల్లాల్లో ఒక రామచంద్రాపురం ఉంది. ఇక కొత్తపేటలకూ, గాంధీనగర్లకూ లెక్కే లేదు. పేరు కొట్టగానే “పద” అనకుండా, ఎన్ని కిలోమీటర్లని చూపిస్తోందో చూడండి. గంట ప్రయాణానికి పది గంటలని చూపిస్తే అది వేరే ఊరన్నమాట. పెళ్ళికి పిలిచినవారిని శుభలేఖ ఒక్కటే కాకుండా, మండపం ఉన్న చోటును కూడా ఫోనులో పంపమని అడగడం మంచిది.

ఫ్లైఓవర్ల దగ్గర ఈ పెట్టె తడబడుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఉంది చూశారా, అక్కడ మీరు పైన పోతున్నారో కింద పోతున్నారో దానికి ఒక్కొక్కప్పుడు తెలియదు. అటువంటి చోట బోర్డు చూసి నిర్ణయించుకోవాలి. ఔటర్ రింగురోడ్డు మీద ఎగ్జిట్ దాటిపోతే వెనక్కి తోలడం ప్రాణాంతకం. తరువాతి ఎగ్జిట్ దాకా పోయి తిరిగి రావడమే. పది నిమిషాలు పోతే పోయాయి.

పెట్టెను ఎక్కడ బిగించాలి? అద్దానికి కింది మూలన, డ్రైవరు చూపుకు అడ్డం రాకుండా, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోటు వదిలి బిగించాలి. రబ్బరు కప్పు అంటుకోకపోతే అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అంటించండి. రోహిణి కార్తెలో కారు ఎండలో నిలిపి పెట్టెను లోపలే వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది. దొంగ కళ్ళూ పడతాయి. దిగేటప్పుడు సంచిలో వేసుకోండి.

నడిపేవారు నడుస్తున్న కారులో మీటలు నొక్కకూడదు. 2020 అక్టోబరు నుంచి మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, బండి నడిపేటప్పుడు చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు. అదయినా ధ్యాస చెదరకుండా వాడాలి. కాబట్టి ఊరి పేరు ఇంటి దగ్గరే కొట్టి బయలుదేరండి. మార్చవలసి వస్తే బండి పక్కకు ఆపండి, లేదా పక్కనున్నవారికి ఇవ్వండి. ఒంటరిగా నడిపే స్త్రీలు పెట్రోలు బంకు వంటి వెలుతురున్న చోట ఆగి మార్చుకోవాలి.

ఇంకొక చిన్న సంగతి. ఈ పెట్టెల్లో “ఇల్లు” అని ఒక గుర్తు ఉంటుంది. అక్కడ మన గుమ్మాన్నే గుర్తు పెడతాం. పెట్టె పోయిందనుకోండి, దొంగకు మన ఇంటి దారి మనమే చూపించినట్టవుతుంది. అందుకని వీధి చివరి గుడినో, బస్‌స్టాపునో “ఇల్లు” అని గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి మన ఇంటికి మనకు దారి తెలియదా!

చివరగా అసలు మాట. 2024 మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ చూడబోయిన నలుగురు, రాత్రివేళ ఫోను చూపిన దారినే నమ్మి, కురుప్పంతర దగ్గర పొంగుతున్న కాలువలోకి కారును తోలారు. కారు మునిగిపోయింది. స్థానికులూ పోలీసులూ ఆదుకోబట్టి నలుగురూ బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర, రామగంగ నది మీద వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి ఒక కారు వెళ్ళింది. అది నదిలో పడి ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిన సంగతి పటంలోకి ఎక్కలేదని అధికారులు అప్పట్లో చెప్పారు. తెగిన చోట అడ్డు పెట్టవలసిన బాధ్యత ఎవరిదన్నది వేరే సంగతి. మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఉపగ్రహానికి మనం ఉన్న చోటు తెలుసు గాని, మన ముందున్న గొయ్యి తెలియదు. నీరు కనిపించినా, దారి సన్నబడినా, ఎదురుగా ఒక్క బండీ రాకపోయినా ఆగాలి, దిగి అడగాలి. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర, పులుల అడవి కాబట్టి, రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బళ్ళను పోనివ్వరు. పెట్టె మాత్రం “నేరుగా వెళ్ళండి” అనే అంటుంది. ఇటువంటివి పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

ముందు సీటులో కూర్చున్న ఇల్లాలు “ఆగండి, ఎవరినన్నా అడుగుదాం” అంటే, “నీకేం తెలుసు, అది చెబుతోందిగా” అని విసుక్కునే వారుంటారు. విసుక్కున్నా సరే, ఆ మాట అనడం మానకండి. టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న పెద్దాయనకు ఏ వంతెన తెగిందో, ఏ వాగు పొంగిందో ఏ పటానికీ లేనంత బాగా తెలుసు. పెట్టె కొనండి, దాని మాట వినండి, కాని కళ్ళు రోడ్డు మీదే ఉంచండి. నలుగురిని అడగడానికి మొహమాటపడకండి.

సెలవు.