టైల్స్ వేయించే ముందు

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. భవానీపురం వైపు కూడా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత మీ ఇంట్లో టైల్స్ కదిలాయా? కొత్తవి వేయించాలనుకుంటున్నారా? అయితే రంగు, డిజైను చూసే ముందు కింది నేల చూడండి.

మూడు మాటలు గుర్తుంచుకోండి. నేల కదలకూడదు. తడి ఉండకూడదు. ఎత్తుపల్లాలు ఉండకూడదు.

మొదటిది, కదలిక. మన డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాన్ని పూడికకు వాడకండి. ఇసుకో గ్రావెలో పోసి, పొరపొరకూ నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించండి. పైన కాంక్రీటు బెడ్డు వేయించండి. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల కింద చెక్క నేల ఉంటుంది. అక్కడా ఇదే సూత్రం. ఊగే చెక్కలను స్క్రూలతో బిగించి, పైన సిమెంటు బోర్డు పరిచి, ఆ తర్వాతే టైల్ వేస్తారు.

రెండోది, తడి. ప్లాస్టిక్ షీటు ముక్కను నేలమీద పరచండి. అంచులకు టేపు అంటించి, ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు అడుగున చెమ్మ కనిపిస్తే, ఇంకా ఆగాలి.

మూడోది, మట్టం. పొడవాటి తిన్నని బద్ద పెట్టి చూడండి. కింద సందు కనిపిస్తే ముందు ఆ పల్లం పూడ్చాలి. స్నానాల గదిలో మాత్రం నీళ్ళు పోయే వైపుకు వాలు ఉండాలి.

మళ్ళీ చెబుతున్నాను. కదలని నేల. ఆరిన నేల. మట్టంగా ఉన్న నేల. మేస్త్రీగారిని తొందరపెట్టకండి. ఈ మూడూ మీ కళ్ళతో చూశాకే మొదటి టైల్ పెట్టించండి.