ఇంజిన్ మీద ఆయిల్ ఒలికిందా? నీళ్ల పైపు పట్టుకునే ముందు ఇది వినండి

ఇవాళ టాపిక్ చిన్నదే, కానీ నిప్పుతో పని. గరాటు లేకుండా ఆయిల్ పోస్తే కొంత పక్కన ఒలుకుతుంది. అది చిన్న కేసు. పెద్ద కేసు ఏంటంటే, ఆయిల్ పోసి మూత పెట్టడం మర్చిపోయి బండి తీయడం. అప్పుడు బానెట్ కింద మొత్తం చిమ్మేస్తుంది.

అలా జరిగితే ఇంజిన్ ఆపేయండి, మళ్లీ స్టార్ట్ చేయొద్దు. "పర్లేదు బ్రో, వేడికి అదే కాలిపోతుంది" అనేవాళ్లు కచ్చితంగా ఒకరుంటారు. రెండు చుక్కలైతే నిజమే, కాస్త పొగొచ్చి పోతుంది. పావు లీటర్ అయితే కాదు. ఇంజిన్ ఆయిల్ సుమారు 200 డిగ్రీలు దాటాక మంట అంటుకునే ఆవిరి వదులుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లో కాలిన పొగ బయటికొచ్చే గొట్టాలు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు 400 కూడా దాటతాయి. లెక్క మీరే వేసుకోండి. అందుకే ముందు చూడాల్సింది మానిఫోల్డ్, దాని మీదుండే హీట్ షీల్డ్ రేకు. ఆ రేకు కిందకి ఆయిల్ జారితే పైనుంచి కనపడదు, టార్చ్ వేసి చూడాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. పాత బనియన్ గుడ్డతో అద్దండి, రుద్దితే ఇంకా పాకుతుంది. చెయ్యి పట్టని సందుల్లోకి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి పోనివ్వండి. నిజం చెప్పాలంటే సగం పని ఇక్కడే అయిపోతుంది, డిగ్రీజర్ తర్వాత సంగతి.

తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఎయిర్ ఫిల్టర్ గొట్టం మీద పాలిథిన్ కవర్లు కట్టండి. డిగ్రీజర్ కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, తడిగుడ్డతో తుడిచేయండి. డబ్బులు మిగుల్తాయని పెట్రోల్ మాత్రం వాడొద్దు, దాని ఆవిరికి చిన్న స్పార్క్ చాలు.

వాటర్ వాష్‌లో ప్రెజర్‌తో కొట్టిస్తే అయిపోదా అంటారా? ఇంజిన్ మెరుస్తుంది. కానీ ఆ ప్రెజర్‌కి నీళ్లు సెన్సర్ కనెక్టర్లలోకి పోతే, మర్నాడు చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ఐదొందల వాష్‌కి ఐదు వేల రిపేరు ఎందుకు చెప్పండి!

బెల్ట్ మీద కూడా ఓ కన్నేయండి. ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, జారుతుంది. బాగా తడిసిపోతే మార్పించేయడమే.

స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడండి, తగ్గితే పోయండి, మూత బిగించండి. బానెట్ తెరిచే ఉంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడపండి. సన్నగా పొగొచ్చి ఆగితే ఓకే. పెరుగుతుంటే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. రెండు మూడు రోజుల తర్వాత అదే చోట మళ్లీ తడి కనిపిస్తే అది ఒలికింది కాదు, లీకు. చాలాసార్లు వాల్వ్ కవర్ గాస్కెట్ పోయుంటుంది. దాన్ని మార్చడం ఎలాగో నెక్స్ట్ వీడియోలో చూద్దాం. బై ఫ్రెండ్స్!